బంధాల పట్టిక కాదు, బల్బు వెలిగించే అవకాశం కావాలి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి చదువుతున్న మా మనవరాలికి రసాయన బంధం పాఠం కంఠతా వచ్చు. అయానిక (విద్యుదావేశం ఉన్న అయాన్లతో ఏర్పడిన) పదార్థాల ద్రవీభవన స్థానం (వేడికి కరిగే ఉష్ణోగ్రత) ఎక్కువ, అవి నీటిలో కరుగుతాయి; సమయోజనీయ (పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని ఏర్పడిన) పదార్థాలది తక్కువ, అవి నీటిలో కరగవు అంటూ భేదాల పట్టికంతా అప్పజెప్పింది. మరి పంచదార ఏ కోవలోకి వస్తుందమ్మా అని అడిగాను. "నీళ్లలో కరుగుతుంది కదా తాతయ్యా, అయానికమే" అంది. నిజానికి పంచదార సమయోజనీయ పదార్థం. అయినా తప్పు ఆమెది కాదు. ఆమె నేర్చుకున్న పట్టిక ప్రకారం అదే సరైన జవాబు.

ఆ సాయంత్రం వంటింట్లోనే పరీక్షకు కూర్చున్నాం. పాత గరిటెలో చిటికెడు పంచదార వేసి పొయ్యి మీద పెడితే చూస్తుండగానే పాకమై, గోధుమరంగుకు తిరిగి, చివరికి మాడి బొగ్గయింది. ఉప్పు చిటపటలాడిందే తప్ప కరగలేదు. అది కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తర్వాత 9 వోల్టుల బ్యాటరీకి చిన్న ఎల్‌ఈడీ బల్బు, రెండు తీగలు కలిపి నీళ్లలో ముంచాం. ఉప్పునీటిలో అయాన్లు కదులుతూ విద్యుత్తును మోస్తాయి కాబట్టి బల్బు బాగా వెలిగింది. పంచదార నీటిలో కూడా మిణుకుమంది! పిల్ల తెల్లబోయింది. కాసేపు ఆలోచించి, ఏమీ కలపని బోరునీటిలో తీగలు ముంచి చూసింది. అక్కడా అదే మిణుకు. ఆ నీటిలో ముందే లవణాలున్నాయని తనంతట తానే పట్టుకుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేస్తే పంచదార నీటిలో బల్బు వెలగలేదు.

ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, ఒక్క గుణం చూసి ఏ పదార్థాన్నీ తేల్చలేం. వజ్రంలోనూ ఇసుకలోని సిలికాలోనూ ఉన్నవి సమయోజనీయ బంధాలే, అయినా అవి ఉప్పును మించి వేడిని తట్టుకుంటాయి. ఉప్పు అయానికమే అయినా, పొడిగా ఉన్నప్పుడు దానిలో అయాన్లు కదలలేవు కాబట్టి విద్యుత్తు పారదు. నాలుగు పరీక్షలు చేసి, నాలుగు ఫలితాలనూ కలిపి చూస్తేనే నిర్ణయానికి రాగలం. ఈ తర్కం భేదాల పట్టికలో దొరకదు.

కానీ చాలా బడుల్లో ప్రయోగశాల గది తాళం తీసే రోజులు తక్కువ. నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఏడాది పొడవునా బడిలోనే మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కు) పిల్లలు రాసే ప్రయోగ నివేదికలు గైడ్ల నుంచి దించినవే. చేయని ప్రయోగానికి మార్కులు వేయడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

పేరు రాయని రెండు పొట్లాలిచ్చి, ఏది అయానికమో ఏది సమయోజనీయమో పరీక్షించి కారణాలతో చెప్పమనండి. ఉప్పు, పంచదార, మైనం, పటిక ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇంటి కరెంటు జోలికి పోకుండా చిన్న బ్యాటరీతో, ఉపాధ్యాయుల ఎదుటే చేయించాలి. వచ్చే విద్యాసంవత్సరం నుంచైనా ఇలాంటి పరీక్షను మూల్యాంకనంలో చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు