48 గంటల్లో చావలేదంటే సరిపోదు

సంపాదకుడు గారికి,

ఆకు కషాయంతో వెండి నానో కణాలు (కంటికి కనబడనంత సన్నని రేణువులు) తయారుచేయడం, వాటిని డాఫ్నియా (వాటర్ ఫ్లీ) అనే చిన్న నీటి జీవుల మీద వేసి చూసి ‘పర్యావరణానికి హాని లేదు’ అని తేల్చేయడం తిరుపతి, చిత్తూరు కాలేజీ ప్రాజెక్టుల్లో మామూలైపోయింది. డాఫ్నియా పరీక్ష మంచిదే. ఖర్చు తక్కువ, చేపల్ని చంపే పని లేదు, జంతువుల్ని కోసే ప్రాక్టికల్స్ ఆగిపోయిన జువాలజీ ల్యాబులకు చేతినిండా పని. ఇబ్బంది ఎక్కడంటే, ఆ పద్ధతిని నీటిలో కరిగే రసాయనాల కోసం రాశారు. కరగని కణాలకు దాన్ని ఉన్నదున్నట్టు వాడితే వచ్చే జవాబును నమ్మలేం.

ఈ పరీక్షకు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 202వ నంబరు మార్గదర్శకం ప్రకారం పుట్టి 24 గంటలు దాటని డాఫ్నియా పిల్లలు కావాలి. తల్లి తొలికాన్పువి పనికిరావు. ఒక్కో మోతాదుకు 20 పిల్లలు, ఐదేసి చొప్పున నాలుగు బీకర్లు, పిల్లకు కనీసం 2 మి.లీ. నీరు. మోతాదులు ఐదుకు తగ్గకూడదు, వరుస మోతాదుల మధ్య తేడా 2.2 రెట్లు మించకూడదు. మేత వేయరు. 24, 48 గంటలకు బీకరును మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తారు. ఈదలేని పిల్ల కదలిక కోల్పోయినట్టు లెక్క. ఏమీ కలపని నీటిలో పది శాతానికి మించి పడిపోతే పరీక్ష మొత్తం చెల్లదు. ఏ ప్రాజెక్టు పోస్టరులోనైనా ముందు వెతకాల్సింది ఈ కంట్రోల్ అంకెనే. ఎంత విషమో ముందే తెలిసిన పొటాషియం డైక్రోమేట్‌తో అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి. 24 గంటల్లో సగం పిల్లలు పడిపోయే మోతాదు లీటరుకు 0.6 నుంచి 2.1 మి.గ్రా. లోపు రాకపోతే లోపం మన పెంపకంలోనే ఉంది.

నీటి సంగతి. కుళాయి నీటిలోని క్లోరిన్ పిల్లల్ని చంపేస్తుంది, డిస్టిల్డ్ వాటర్‌లో లవణాలు లేక చస్తాయి. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) చెప్పిన పాళ్లలో లవణాలు కలిపిన నీరు, అంటే ఐఎస్ఓ నీరు, చేసుకోవడం తేలిక. లీటరుకు కాల్షియం క్లోరైడు (రెండు నీటి అణువులది) 11.76 గ్రా., మెగ్నీషియం సల్ఫేటు (ఏడు నీటి అణువులది) 4.93 గ్రా., సోడియం బైకార్బొనేటు 2.59 గ్రా., పొటాషియం క్లోరైడు 0.23 గ్రా. చొప్పున నాలుగు స్టాకులు విడివిడిగా పెట్టుకుని, ఒక్కోదాని నుంచి 25 మి.లీ. తీసి లీటరుకు నింపి గాలి పట్టించాలి. పెంపకానికి వాడే ఎం4, ఎం7 ద్రావణాలను లోహ కణాల పరీక్షకు వాడొద్దు. వాటిలోని ఈడీటీఏ అనే రసాయనం జింకు, రాగి అయాన్లను (నీటిలో కరిగిన లోహాన్ని) పట్టేసుకుని విషాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. వెండికైతే ఐఎస్ఓ నీటిలోని క్లోరైడు కూడా అదే పని చేస్తుంది.

ఈ నీటిలోని కాల్షియం తగలగానే నానో కణాలు ముద్దకట్టి గంటల్లో అడుగుకు చేరతాయి. ఉదాహరణకు, బీకరు మీద లీటరుకు 10 మి.గ్రా. అని రాసి ఉండి, రెండో రోజుకు నీటిలో తేలుతున్నది 1 మి.గ్రా. మాత్రమే అనుకోండి. అప్పుడు 10 మి.గ్రా. సురక్షితం అనడం తప్పు. అందుకే 0, 24, 48 గంటలకు బీకరు మధ్య నుంచి శాంపిల్ తీసి ఐసీపీ-ఎంఎస్ (లోహం మోతాదు కొలిచే పరికరం) మీద కొలిపించాలి, కణాల సైజు అదే నీటిలో చూడాలి. సీసా మీద ముద్రించిన సైజుకు విలువ లేదు. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. 30 నానోమీటర్ల కణం డాఫ్నియా వడపోత కాళ్లకు సరిగా చిక్కదు, మైక్రాను (వెయ్యి నానోమీటర్లు) సైజు ముద్ద చక్కగా చిక్కుతుంది. నీటిలో కణాలు తగ్గుతుంటే పేగు నిండుతూ ఉండొచ్చు. ముద్దలు విడగొట్టడానికి ప్రోబ్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో కుదిపే కడ్డీ) వాడేవారు బీకరును ఐసులో పెట్టాలి. కొన అరిగి టైటానియం రాలుతుందనీ గుర్తుంచుకోవాలి.

ఇక ఆకు కషాయం వెండి. ‘హరిత’ పద్ధతిలో చేశాం కాబట్టి హాని లేదనే మాట మాకు అస్సలు మింగుడుపడదు. మామూలుగా ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 90 మి.లీ.కి కషాయం 10 మి.లీ. కలుపుతారు. రంగు గోధుమకు తిరిగితే కణాలు వచ్చినట్టే. ఆ ద్రావణంలో లీటరుకు దాదాపు 97 మి.గ్రా. వెండి ఉంటుంది. అందులో నూటికి ఒక వంతు కణంగా మారకుండా మిగిలినా లీటరుకు సుమారు 1 మి.గ్రా. అయాన్. వంద రెట్లు పలుచన చేసినా లీటరుకు 10 మైక్రోగ్రాములు. మెత్తని (లవణాలు తక్కువున్న) నీటిలో డాఫ్నియా పిల్లల్లో సగాన్ని పడగొట్టడానికి లీటరుకు సుమారు ఒకటి రెండు మైక్రోగ్రాముల వెండి అయాన్ చాలు. కాబట్టి పిల్లలు చచ్చాయంటే చంపింది కణమో, మిగిలిపోయిన సిల్వర్ నైట్రేటో తెలియదు. కషాయం వల్ల కూడా చావొచ్చు. అందులో బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ లీటరుకు 3 మి.గ్రా. కంటే దిగిందంటే వెండితో పనే లేదు. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కడగాలి. కణాలను ఆపి అయాన్లను మాత్రమే వదిలే 3 కిలోడాల్టన్ల వడపోత నుంచి వచ్చిన నీటిని (మొదట దిగినది పారబోసి) విడిగా పరీక్షించాలి. పోల్చి చూడటానికి సిల్వర్ నైట్రేట్ బీకర్ల వరుస ఒకటి, ఉత్త కషాయం బీకర్ల వరుస ఒకటి తప్పనిసరి. వడపోత నీరే అన్ని పిల్లల్నీ చంపితే పోస్టరులో రాయాల్సింది అయాన్ గురించి.

48 గంటల గడువు కూడా చాలదు. డాఫ్నియా కుబుసం విడుస్తూ పెరుగుతుంది. టైటానియం డయాక్సైడ్ కణాలు ఒంటికి అంటుకుంటే కుబుసం విడవలేక చస్తుంది. 48 గంటల్లో కనబడని విషం 96 గంటలకు బయటపడినట్టు 2011లో అచ్చయిన అధ్యయనం చూపింది. ఓపిక ఉన్న ల్యాబు 21 రోజుల పునరుత్పత్తి పరీక్షకు వెళ్లాలి. అందులో కంట్రోల్ తల్లి సగటున 60 పిల్లల్ని పెట్టాలి. వెలుతురు మరో లోపం. టైటానియం డయాక్సైడ్, జింకు ఆక్సైడ్ అతినీలలోహిత కాంతి తగిలితే మరింత విషమవుతాయి. ట్యూబ్‌లైటు కింద చేసిన పరీక్ష మే నెల ఎండలో ఉండే రాయలచెరువుకు వర్తించదు. డాఫ్నియా మాగ్నా చలిదేశాల జీవి, 18–22 డిగ్రీలు కావాలి, ఇన్‌క్యుబేటర్ లేకుండా తిరుపతిలో కుదరదు. మన చెరువుల్లో దొరికే మోయినాను (డాఫ్నియాకు దగ్గరి చుట్టం) పక్కనే ఒక వరుస పెడితే స్థానిక జవాబు వస్తుంది.

హైడ్రా అనే, చేతుల్లాంటి తీగలున్న చిన్న మంచినీటి జీవిని ఎందుకో పట్టించుకోవడం లేదు. భూతద్దం ఉంటే చాలు. చేతులు చాచి నిలువుగా ఉంటే 10 మార్కులు, చేతుల కొసలు ఉబ్బితే 8, పూర్తిగా చితికిపోతే 0. ఆరు వరకూ దిగితే శుభ్రమైన నీటిలో తేరుకుంటుంది, ఐదుకు వస్తే ఇక కోలుకోదు. చావుకు ముందే ఇంత చెప్పే జీవి దొరకడం కష్టం.

ఇదంతా చాదస్తం కాదు. వేరుశనగ మీద నానో జింకు ఆక్సైడును తిరుపతి శాస్త్రవేత్తలు పరీక్షించి 2012లోనే ఫలితాలు ప్రచురించారు. నానో ఎరువులు ఇప్పుడు దుకాణాల్లో ఉన్నాయి, మామిడి, టమాటా తోటల నుంచి కారే నీరు చేరేది చెరువులకే. నానో వ్యవసాయ ఉత్పత్తుల మదింపుకు కేంద్ర మార్గదర్శకాలు 2020లో వచ్చాయి. ‘సురక్షితం’ అనే వార్త రాసే ముందు మీ విలేఖరులు కంట్రోల్‌లో ఎన్ని చచ్చాయో, కొలిచిన మోతాదు ఎంతో, అయాన్ వరుస పెట్టారో లేదో అడగాలని కోరుతున్నాం.

పరీక్ష అయ్యాక మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయొద్దు. ల్యాబులో వెండి వ్యర్థాలకంటూ ఒక రంగు సీసా పెట్టి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవారికే ఇవ్వాలి.

– నీటి జీవశాస్త్ర అధ్యాపకులు కొందరు, తిరుపతి