ఫ్లవర్‌పాట్ ఐలాండ్‌లో మా అమ్మను నడిపించిన ఆవిడకు

కెనడాలోని ఒంటారియోలో, హ్యూరన్ సరస్సు ఒడ్డున టోబర్మరీ అని చిన్న ఊరుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మను మొన్న వేసవిలో అక్కడికి తీసుకెళ్లాం. అడుగున అద్దం ఉన్న పడవలోంచి, 1885లో మునిగిపోయిన స్వీప్‌స్టేక్స్ ఓడను చూసి అమ్మ చిన్నపిల్లలా సంబరపడింది. నీళ్లు అంత తేటగా ఉంటాయి మరి.

ఆ ఊరి దగ్గరే ఉన్న ఫ్లవర్‌పాట్ ఐలాండ్ అనే దీవిలో రాతి స్తంభాలు చూసి తిరిగొస్తుంటే చెట్టు వేరు తగిలి అమ్మ కాలు మడతపడింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు, పడవ టైమేమో దగ్గరపడుతోంది. ఒకటే టెన్షన్.

వెనకాల వస్తున్న మీరు ఏమీ అడగకుండానే కింద కూర్చుని, అమ్మ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. "అయ్యో, కాలు పట్టుకోకమ్మా" అంటూ అమ్మ లాక్కోబోయినా వదల్లేదు. షూ లేసు విప్పి, మీ స్కార్ఫ్ చల్లటి సరస్సు నీళ్లలో ముంచి తెచ్చి అద్ది, బ్యాగులోంచి బ్యాండేజ్ తీసి మడమ చుట్టూ గట్టిగా కట్టారు. మీ చేతికర్రను అమ్మ ఎత్తుకి తగ్గించి ఇచ్చారు. అమ్మకి ఇంగ్లీషు రాదు, మీకు తెలుగు రాదు. అయినా రేవు దాకా ఇద్దరూ కబుర్లాడుతూనే ఉన్నారు! నేను బ్యాగులు మోశానంతే.

పడవ దిగాక జనంలో మీరు కనబడలేదు. చాలా థ్యాంక్స్ అండీ. అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. మీ స్కార్ఫ్ ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టింది.