సముద్ర ఈత సంఘం వార్షిక నివేదిక: సొరచేప భయం, శిక్షణలో మార్పులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడు కొత్తగా చేరడానికి వచ్చినవాళ్లు దరఖాస్తులో సందేహాలు రాయాల్సిన చోట ఎక్కువగా రాసింది ఒకే మాట: సొరచేప. అందుకే కార్యవర్గం శిక్షణ క్రమాన్ని మొదటినుంచీ మార్చి అమర్చింది. భయం పోగొడతామని ఎవరికీ మాటివ్వలేదు. భయపడుతూనే ఊపిరి తప్పకుండా ఈది ఒడ్డు చేరగలిగితే చాలన్నది మా ఉద్దేశం.

ముందు అంకెలు. అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం ప్రపంచవ్యాప్తంగా సొర దాడుల లెక్క రాసి ఉంచుతుంది. మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు 2023లో 69, 2024లో 47 అని అందులో ఉంది. 2024 నాటి ఆ 47లో ప్రాణం పోయినవి నాలుగు. నదులు, చెరువులు, సముద్రాలు అన్నీ కలిపి నీట మునిగి చనిపోయినవారు 2021లో సుమారు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 500కు పైగా సొర జాతులున్నా మనుషుల ప్రాణాలు తీసిన దాడులు చాలావరకు తెల్ల సొర, పులి సొర, బుల్ షార్క్ అనే మూడింటివే. ఇవన్నీ పరిచయ తరగతిలో ఒక్కసారి చెప్పి ఊరుకున్నాం. అడుగు కనిపించని నీళ్లలో కాళ్లు వేలాడుతున్నప్పుడు అంకెలు ఎవరికి గుర్తుంటాయి?

అక్కడ జరిగే సంగతి వేరు. కింద ఏదో కదిలిందనిపించగానే ఊపిరి వేగం పెరుగుతుంది. లోపలి గాలి పూర్తిగా వదలకముందే మళ్లీ పీలుస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుస్తుంది, తల తిరుగుతుంది. గుండెకేదో అయిందని కంగారు ఇంకా ఎక్కువవుతుంది. ఒడ్డు చూడాలని తల పైకెత్తి ఈదబోతే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, ఎంత బార వేసినా ముందుకు సాగదు. చుట్టుపక్కల సొర లేకపోయినా సొర భయం మనిషిని ముంచే తీరు ఇదీ. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్లలోకి ఒక్కసారిగా దూకినా మొదటి రెండు మూడు నిమిషాలు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కాబట్టి ఊపిరి కుదుటపడేదాకా ఈత మొదలుపెట్టకూడదని ఇప్పుడు నియమం.

శిక్షణ నడుము లోతులో మొదలవుతుంది. ముఖం నీళ్లలో పెట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు బుడగలు వదలాలి. తర్వాత మెడ లోతులో వెల్లకిలా తేలడం. చెవులు నీళ్లలో మునగాలి, గడ్డం పైకి ఉండాలి, చేతులు బార్లా చాపాలి. ఆ తేలే స్థితిలోనే పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితేనే మూడో మెట్టు. అది కాళ్లు అందే లోతులో ఒడ్డు వెంబడి ఈత. నాలుగోది అలలు విరిగే గీత దాటి అవతలికి వెళ్లడం. అక్కడ భయం వేస్తే చేయాల్సింది మొదటే నేర్పాం కదా: ఈత ఆపు, వెల్లకిలా తిరుగు, ఊపిరి నెమ్మదిగా వదులు. అలా తేలినా ఛాతీ నొప్పి తగ్గకపోయినా, దగ్గుతో గులాబీ రంగు నురగ వచ్చినా అది భయం కాదు. వెంటనే చెయ్యెత్తి, తోడుగా వచ్చే కయాక్‌ను (తెడ్డుతో నడిపే చిన్న పడవను) పిలవాలి, ఒడ్డుకు చేరగానే వైద్యం అందాలి.

మరో సంగతి. తేటనీళ్లలో ఇసుక అడుగు మీద కనిపించే "సొర" చాలాసార్లు ఈదేవాళ్ల నీడే. సూర్యుడు వీపు వైపు ఉన్నప్పుడు అది మనతో పాటే కదులుతుంది. చెయ్యి ఆపితే దాని చెయ్యీ ఆగుతుంది. నాచు మచ్చలు కదలవు, మనమే వాటి మీదుగా పోతాం. మబ్బు రోజుల్లో ముదురు అద్దాల గాగుల్స్ పెట్టుకుంటే ప్రతి మచ్చా పెద్దదిగా కనిపిస్తుంది. అలాంటి రోజుల్లో తెల్ల అద్దాలే వాడండి.

నీళ్లలోకి దిగాలా వద్దా అన్నది ఇకనుంచి ఒడ్డున నిలబడే తేల్చాలి. తెల్లవారుజాము, సందెచీకటి, రాత్రి వేళల్లో దిగము. భారీ వాన తర్వాత నీళ్లు తేటపడేదాకా నదీముఖాల దగ్గరికి వెళ్లము, ఎందుకంటే బుల్ షార్క్ మంచినీళ్లలోకి కూడా రాగలదు, బురదనీళ్లలో వేటాడగలదు. పక్షులు గుంపుగా నీళ్లలోకి దూకుతున్నా, చిన్న చేపలు పైకి ఎగురుతున్నా కింద వాటిని తరిమేది ఏదో ఉన్నట్టే. చేపలు కడిగే చోట్లు, గాలాలు వేసే వంతెనలు, సీల్ జంతువులు తిరిగే చోట్లు కూడా వద్దు. డాల్ఫిన్లు కనిపిస్తే సొరలు ఉండవన్నది ఒట్టి మాట, రెండూ ఒకే చేపల గుంపు కోసం రావచ్చు. మెరిసే గొలుసులు, గడియారాలు తీసేయాలి, అవి చేప పొలుసులా తళుక్కుమంటాయి. ఒక్కరు వద్దన్నా ఆ రోజు ఈత లేదు, వాళ్లను కారణం అడగకూడదు.

సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు వాదన జరిగింది రంగుల మీద. నారింజ టోపీ, నారింజ టో ఫ్లోట్ (నడుముకు తాడుతో కట్టుకుని వెంట లాక్కెళ్లే గాలి సంచి) సొరను పిలిచినట్టేనని కొందరన్నారు. చాలా సొర జాతులకు రంగుల తేడా తెలియదనీ, వెలుగు నీడల వ్యత్యాసమే కనిపిస్తుందనీ పరిశోధనలు సూచిస్తున్నాయి కాబట్టి ఆ అనుమానం మరీ తీసిపారేసేది కాదు. అయినా పడవ నడిపేవారి కంటికి ఆనకపోవడమే పెద్ద ముప్పని నారింజనే ఖాయం చేశాం. తెల్ల టోపీ నురగలో కలిసిపోతుంది, నలుపు, నీలం అసలు కనిపించవు. ఈ మూడూ నిషేధం.

టో ఫ్లోట్ కాళ్లకు తగులుతోందన్న ఫిర్యాదుకు కారణం తాడు పొడవే. ఫ్లోట్ పిరుదుల మీదికి వచ్చేలా బిగించుకుంటే కాలు తగలదు. ఎండలో గట్టిగా ఊదిన ఫ్లోట్ చల్లని నీళ్లలో మెత్తబడుతుంది. దిగే ముందు తడిపి, మళ్లీ గాలి నింపి, వాల్వు మూత నొక్కి చూసుకోవాలి.

సొరను దూరం పెడతాయని చెప్పే అయస్కాంత పట్టీలు కొనాలన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. 2018లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వారు సర్ఫర్ల కోసం అమ్మే ఇలాంటి ఐదు రకాల పరికరాలను, అయస్కాంత పట్టీలతో సహా, తెల్ల సొరల ముందు పరీక్షించారు. ఒక విద్యుత్ పరికరం ఒక్కటే చెప్పుకోదగ్గ ఫలితమిచ్చింది, ఎర అందుకోవడం 96 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది. 40 శాతమంటే తక్కువేమీ కాదని గమనించగలరు.

సొర కనిపిస్తే ఏం చేయాలో సాధన చేయించాం. డాల్ఫిన్ రెక్క వంపుగా లేచి మునుగుతుంది. సొర రెక్క ఒకే ఎత్తులో సాఫీగా సాగుతుంది, ఒక్కోసారి దాని వెనక తోక కొన కూడా కనిపిస్తుంది. చూసినవాళ్లు మూడుసార్లు విజిల్ ఊదాలి. అందరూ ఫ్లోట్లు దగ్గరకు చేర్చి గుంపుగా నిలవాలి, దాని మీదినుంచి చూపు తిప్పకుండా, నీళ్లు చిమ్మకుండా ఒడ్డువైపు వెనక్కి జరగాలి. చచ్చినట్టు పడి ఉండటం పనిచేయదు. మీదికి వస్తే కళ్ల మీద, మొప్పల మీద కొట్టాలి.

కాలికి కాటు పడితే ప్రాణం పోయేది రక్తం పోవడం వల్లే. గజ్జలో, తుంటి ఎముకకూ మర్మాంగానికీ మధ్య పిడికిలి పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కాలి. అందుబాటులో ఉంటే గాయానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, టోర్నికెట్ (రక్తం ఆపే బిగింపు పట్టీ) బిగించి సమయం రాసిపెట్టాలి. బిగించాక వదులు చేయకూడదు. మోసుకుపోయి తర్వాత చూద్దామనుకోకుండా అల అందని మొదటి పొడి ఇసుకలోనే ఇదంతా మొదలుపెట్టాలి.

వెనక్కి లాగే ప్రవాహాల తరగతి పాత పద్ధతిలోనే సాగింది: ఎదురీదొద్దు, తేలుతూ చెయ్యెత్తండి, లేదా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు తప్పుకోండి.

ప్రథమ చికిత్స పెట్టెలో వెనిగర్ ఎందుకని అడిగినవారికి జవాబు. క్యూబా నుంచి ఫ్లోరిడా దాకా ఈదడానికి అమెరికా ఈతగత్తె డయానా నయాడ్ 1978లో సొరల భయంతో ఇనుప బోనులో దిగి మధ్యలోనే ఆగిపోయారు. 2011, 2012 ప్రయత్నాల్లో ఆమెను సొరలు ఆపలేదు, జెల్లీచేపల కాట్లు దెబ్బతీశాయి. 2013లో బోను లేకుండా, జెల్లీచేపల నుంచి కాచే ముసుగుతో ఒడ్డు చేరారు. బాక్స్ జెల్లీ అనే విషపు జెల్లీచేప కుడితే ముందు వెనిగర్ పోయాలి, మంచినీళ్లతో కడగకూడదు.

వచ్చే ఏడు ప్రతి కయాక్‌లో ఒక టోర్నికెట్ ఉండాలని తీర్మానించాం. దాన్ని బిగించడం చేసి చూపించినవారికే కయాక్ బాధ్యత ఇస్తాం. వాల్వు దగ్గర చీలిన ఫ్లోట్లను అతికించి వాడకుండా సామాన్ల గదిలో అప్పగించి కొత్తవి తీసుకోగలరు.

ఇట్లు,
కార్యవర్గం