అక్కకు ట్రయల్ అన్నారని రాశావు కదా

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్ చేస్తే ఇద్దరికీ గొంతు పూడుకుపోయి మాట సాగదని ఇలా రాస్తున్నా. అక్కకు రెండో రకం కీమో కూడా పనిచేయలేదనీ, డాక్టరుగారు క్లినికల్ ట్రయల్ (కొత్త చికిత్సను రోగులకు ఇచ్చి పరీక్షించడం) గురించి ఆలోచించమన్నారనీ చదివాక మా నాన్న ట్రయల్‌లో ఉన్న రోజులన్నీ కళ్లముందు తిరిగాయి. "అక్క మీద ప్రయోగాలు చేస్తారా" అని అడిగావు. అప్పుడు నేనూ అచ్చం అదే అడిగాను.

ముందు అది ఎన్నో ఫేజో, అంటే పరీక్షలో ఎన్నో దశో కనుక్కోరా. ఫేజ్ 1 అయితే వాళ్లు ముఖ్యంగా చూసేది మందు ఎంత మోతాదు వరకు తట్టుకోగలరన్నది. తక్కువతో మొదలుపెట్టి, ముందు చేరినవాళ్లు తట్టుకుంటేనే తర్వాతివాళ్లకు పెంచుతారు. ఫేజ్ 2లో గడ్డ తగ్గుతోందా అని చూస్తారు. ఫేజ్ 3లో ఇప్పుడు వాడుతున్న చికిత్సతో పోలుస్తారు, ఎవరికి ఏదన్నది లాటరీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఊరుకుంటారేమోనని భయపడకు. పనికొచ్చే చికిత్స ఉండగా అది మానిపించి ప్లసీబో ఒక్కటే ఇవ్వడం క్యాన్సర్ ట్రయల్స్‌లో సాధారణంగా జరగదు.

నాన్నది ఫేజ్ 1. మొదటి డోసు రోజు మర్చిపోలేను. మాత్ర మింగిన అరగంటకు రక్తం, గంటకు మళ్లీ, రెండు గంటలకు, నాలుగు గంటలకు. నర్సమ్మ ప్రతిసారీ గడియారం చూసి నిమిషంతో సహా ట్యూబు మీద రాసుకునేది. మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తోందో అలాగే తెలుస్తుందట. సాయంత్రానికి మోచేతి మడతలో దూది అంటించిన చోటంతా కమిలిపోయింది. "నా తర్వాత వచ్చేవాడికి ఎంత ఇవ్వాలో దీన్ని బట్టే చెబుతారంట్రా" అన్నాడు నాన్న, చెయ్యి అలా చాపి చూసుకుంటూ. గడ్డ మూడు నెలలు పెరగకుండా ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

అందుకే నీకు తియ్యటి కబుర్లు చెప్పను. ఫేజ్ 1లో చాలామందికి గడ్డ పెద్దగా తగ్గదు. కానీ ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు కథ కూడా ఫేజ్ 1లోనే మొదలైంది. 1998లో, ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో పాత మందు పనిచేయనివాళ్లకు ఇచ్చి చూశారు. 300 మిల్లీగ్రాములు, అంతకు పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001కల్లా అమెరికాలో అనుమతి వచ్చేసింది. అలాంటివి అరుదు, కానీ జరిగాయి.

మందుది కాకుండా, ఒక రక్తపరీక్ష ఎంత పనికొస్తుందో చూసే ట్రయల్ కూడా ఉందని రాశావు. అక్కడ ఒక మాట గట్టిగా అడుగు: ఆ ఫలితాన్ని బట్టి అక్క మందు మారుస్తారా, లేక రాసి పెట్టుకుంటారా? రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్లలో ఇలాంటిదే ఒకటి చేశారు, 2014లో ఫలితాలు వచ్చాయి. ఒక విడత కీమో తర్వాత కూడా రక్తంలో క్యాన్సర్ కణాలు తగ్గనివాళ్లలో కొందరికి వెంటనే కీమో మార్చారు, కొందరికి మార్చలేదు. ఆయుష్షులో తేడా రాలేదు. కణాలు తగ్గనివాళ్లకు జబ్బు మొండిదని పరీక్ష సరిగ్గానే పట్టింది, కానీ మార్చి ఇచ్చిన కీమోకూ అది లొంగలేదు. ఆ ట్రయల్ చేయకపోతే ఎంతమందికి ఊరికే మందులు మార్చేవాళ్లో!

సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకోండి, అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. నాన్న పడుకునే ముందు రోజూ రెండు పేజీలు చదివించుకునేవాడు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా కూడా మానుకోవచ్చన్న వాక్యం దగ్గర వేలు పెట్టి మళ్లీ చదవమన్నాడు. అక్కకూ ఆ వాక్యం నువ్వే చదివి వినిపించు. చేరాలా వద్దా అన్నది మాత్రం అక్కనే చెప్పనివ్వు.

ఇంకోటి, మొదటి బయాప్సీ బ్లాకు (గడ్డ నుంచి తీసి మైనంలో దాచిన ముక్క) ఏ ల్యాబులో ఉందో ఇవాళే అడుగు. ట్రయల్‌కు సరిపోతారో లేదో చూడటానికి చాలాసార్లు అదే అడుగుతారు. నాన్నది దొరకడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. పాత రిపోర్టులన్నీ ఫొటోలు తీసి నాకు పంపు, ఈ రాత్రే కూర్చుని తేదీల వారీగా సర్దిపెడతాను.

నీ
నేనే