ఆ ఇత్తడి సెట్లు వెనక్కి తెచ్చేయండి

దసరా ముందు విశాఖ వన్ టౌన్‌లోని మా షాపులో 'పాతకాలం ఇత్తడి ఆటసామాను' అని చెప్పి పదకొండు సెట్లు అమ్మాను. అవి పాతవి కావు. తెచ్చిస్తే డబ్బు మొత్తం ఇచ్చేస్తాను, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు.

ఒక మామ్మగారు బొమ్మల కొలువు కోసం ఒక సెట్టు తీసుకెళ్ళారు. నల్లగా ఉందని చింతపండు పెట్టి తోమితే ఒక్క తోముకే తళతళలాడిందట. బొటనవేలంత రోలు, అగ్గిపుల్లంత రోకలి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అమ్మాయ్, ఇందులో ఏ పిల్లా ఎప్పుడూ పప్పు దంచలేదు" అన్నారు. భూతద్దం పెట్టి చూస్తే రోలు గుంటలో ఆకురాయి గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయి. పిల్లలు ఆడిన వస్తువైతే అంచులు అరిగి నున్నబడతాయి, నలుపు సందుల్లోనే మిగులుతుంది. వీటికి అంతటా ఒకటే నలుపు. ఏదో మందు పూసి చేసిన పని.

ఇచ్చిన వ్యాపారిని అనేదేముంది? పండగ గిరాకీ టెన్షన్‌లో తూకం చూశానే గాని తిరగేసి చూడలేదు.

2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఇక్కడి పాత పెంకుటిళ్ళు కొన్ని విప్పేసినప్పుడు అటకల మీంచి దిగిన సామానుతో మొదలైంది మా షాపు. అప్పుడు ఏ వస్తువు ఎవరింటిదో తెలిసేది. ఇకమీదట ప్రతిదానికీ చీటీ కడతాను. ఎక్కడిదో తెలియకపోతే 'తెలియదు' అనే రాస్తాను, ధర కూడా కొత్తదాని ధరే.

బెజ్జం కాణీలు, అంటే నడుమ చిల్లున్న పాత నాణేలు, మాత్రం నిక్కమైనవే. 1943 నుంచి 47 దాకా వచ్చినవి, పిల్లల మొలతాడుకి కట్టేవారు. తాడు ఒరుసుకుని బెజ్జం ఒకవైపే అరిగినవి ఏరి పక్కన పెట్టాను. నాకైతే నిగనిగలాడే కాణీ కన్నా అవే ముద్దు. ఏటికొప్పాక లక్కపిడతలు కొత్తవే, కొత్తవనే అమ్ముతున్నాను. వేణ్ణీళ్ళతో కడగకండి, లక్క మెత్తబడుతుంది.

ఇప్పటికి నాలుగు సెట్లు వచ్చాయి. మామ్మగారు డబ్బు తీసుకోలేదు, మునిమనవరాలికి పాత వెండి రావిరేక (పిల్లల తలకి పెట్టే రావి ఆకు ఆకారపు నగ) ఉంటే ఇమ్మన్నారు. నా దగ్గర లేదు. మీ ఇంట్లో ఉండి, ఇచ్చే ఉద్దేశం ఉంటే తీసుకురండి. ఈసారి తిరగేసి చూసే కొంటాను.