మన నాణెం మీది ఓడకూ పటం కావాలి

సంపాదకులకు,

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ముప్పై ఏళ్లుగా తలుపులు, కిటికీలు చేసే వడ్రంగిని. ఏడాదిగా రాత్రిళ్లు మేఫ్లవర్ ఓడ నమూనాకు పొట్టభాగం కడుతున్నాను. 1620లో అట్లాంటిక్ దాటిన ఆ ఓడను ఎలా కట్టాలో చూపే పటాలేవీ మిగల్లేదు. ఆ కాలపు ఓడల లెక్కలు చూసి ఓడల రూపశిల్పి విలియం బేకర్ కొత్తగా గీశారు. ఆ గీతల మీదే నిజమైన ఓడ కట్టి 1957లో సముద్రం దాటించారు.

ముక్కు దగ్గర నాకు చాలా కష్టమైంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల టేకు పలకలు వేడినీళ్లలో నానబెట్టి వంచినా రెండు టప్పున విరిగాయి. తప్పు చెక్కది కాదు, పలకలు ఆనే చట్రంలో మూడో పక్కటెముక అర నూలు (అంగుళంలో పదహారో వంతు) ఎత్తుగా ఉంది. ఆకురాయితో అరగదీసి, పలక కొసను సన్నగా చిత్రిక పట్టాక చేతికి గాజులా ఒదిగింది.

మరి మన ఓడ? శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. అజంతా బొమ్మను చూసి, పలకలను తాళ్లతో కుట్టి కట్టిన ఓడ కౌండిన్య 2025లో నౌకాదళంలో చేరింది కూడా. మన నాణెం ఓడకూ నిపుణులతో పటం గీయించి, తెలుగులో అచ్చువేసి లైబ్రరీల్లో పెట్టాలని పురావస్తు శాఖను వేడుకుంటున్నాను. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లకు ముందుగా ఇవ్వండి.

— ఒక వడ్రంగి, తిరుపతి