క్లిష్టమైన స్టెంట్ కేసుల్లో ఇంట్రావాస్కులర్ ఇమేజింగ్‌కు విడిగా చెల్లించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుండె రక్తనాళాలకు స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. గుండె రక్తనాళాన్ని లోపలి నుంచి చూపే (అదే ఇంట్రావాస్కులర్ ఇమేజింగ్) ఐవస్, ఓసీటీ క్యాథెటర్ల ఖర్చును — ఇవి నాళంలోకి పంపే సన్నని గొట్టాలు, ఐవస్ అల్ట్రాసౌండ్‌తో, ఓసీటీ కాంతితో చిత్రాలు తీస్తాయి —, కనీసం క్లిష్టమైన కేసుల్లోనైనా, ప్రభుత్వ బీమా కింద స్టెంట్ ప్యాకేజీకి అదనంగా చెల్లించాలని కోరుతున్నాను.

యాంజియోగ్రామ్‌లో కనిపించేది కాంట్రాస్ట్ మందు పారిన దారి నీడ మాత్రమే. గోడలో క్యాల్షియం ఎంత పేరుకుందో, స్టెంట్ గోడకు పూర్తిగా ఆనిందో లేదో ఆ నీడ చెప్పలేదు. ఒక కేసులో స్టెంట్ వేశాక తెర మీద నాళం నున్నగా, నిండుగా కనిపించడంతో పని పూర్తయిందనే అందరం అనుకున్నాం. ఐవస్ క్యాథెటర్‌ను మెల్లగా వెనక్కి లాగుతుండగా ఒకచోట స్టెంట్ గుండ్రంగా విచ్చుకోకుండా ఒకవైపు నొక్కుకుపోయి ఉంది; దాన్ని ఆనుకొని తెల్లగా మెరుస్తున్న క్యాల్షియం, ఆ వెనుక నల్లని నీడ. గట్టి బెలూన్‌తో మళ్లీ వ్యాకోచింపజేయాల్సి వచ్చింది. అది ముందే కనిపించి ఉంటే డాక్టరు గారు స్టెంట్ వేయకముందే ఆ క్యాల్షియాన్ని పగలగొట్టేవారు. సరిగా విచ్చుకోని స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, మళ్లీ పూడుకుపోయే ప్రమాదం రెండూ ఎక్కువే.

దక్షిణ కొరియాలో 1,639 మంది క్లిష్టమైన పూడికలున్న రోగులపై జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, గుండె సంబంధిత మరణం, చికిత్స చేసిన నాళం వల్ల గుండెపోటు లేదా ఆ నాళానికి మళ్లీ చికిత్స అవసరం ఇమేజింగ్ వాడినవారిలో 7.7 శాతం, యాంజియోగ్రామ్‌తో మాత్రమే చేసినవారిలో 12.3 శాతం. అదే ఏడాది వచ్చిన ఒక పెద్ద ఓసీటీ అధ్యయనంలో మొత్తం మీద స్పష్టమైన తేడా తేలలేదన్నదీ నిజమే. అందుకే ప్రతి స్టెంట్‌కూ నేను అడగడం లేదు. ఎడమ ప్రధాన ధమని, నాళం రెండుగా చీలే చోటి పూడికలు, పొడవైన పూడికల విషయంలో 2024 యూరోపియన్ మార్గదర్శకాలు ఈ ఇమేజింగ్‌ను అత్యున్నత స్థాయిలో సిఫార్సు చేశాయి.

ప్యాకేజీ మొత్తం ఒక్కటే కావడంతో, ఒక్కసారి వాడి పారేసే ఈ క్యాథెటర్ భారం ఆసుపత్రిపైనే పడుతోంది. నేను పనిచేసిన ఒక చోట మిషన్ ఉండి కూడా నెలల తరబడి గుడ్డ కప్పి మూలన పెట్టారు. బల్ల మీద ఉన్న రోగికి ఆ సంగతి తెలియదు.

కనుక ఇలాంటి క్లిష్టమైన కేసులకు విడి చెల్లింపును ప్రకటించి, స్టెంట్ వేశాక తీసిన చివరి ఇమేజింగ్ రికార్డును క్లెయిమ్‌కు జతచేయడం తప్పనిసరి చేయండి. ఆ చిత్రాలను చదవడంలో వైద్యులతోపాటు మా టెక్నీషియన్లకూ శిక్షణ ఇప్పించండి.

భవదీయుడు,
ఒక క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్